రెండు తీరాల గూడబాతులు

ప్లేనో నుంచి కారులో అరగంట దక్షిణంగా పోతే డాలస్ నగరంలో వైట్ రాక్ అనే సరస్సు ఉంది. ఏటా చలికాలం మొదలవుతూండగా తెల్ల పెలికన్లు అక్కడ గుంపుగా దిగి, వసంతం దాకా ఉండి, మళ్ళీ ఉత్తరాదికి లేచిపోతాయి. కొన్నేళ్ళ క్రితం భీమవరం వైపు నుంచి వచ్చిన మా పెద్ద బంధువు ఒకాయనను ఆ సరస్సు చూపించడానికి తీసుకువెళ్ళాను. ఆయన గట్టున నిలబడి కాసేపు చూసి, "ఇవి మన గూడబాతులేనయ్యా, కాకపోతే సబ్బు పెట్టి తోమినట్టున్నాయి" అన్నారు. మరి కాసేపటికి, "మా చిన్నప్పుడు ఆరేడులో చెట్ల నిండా ఇవే. తరవాత ఏమయ్యాయో, ఒక్కటీ లేకుండా పోయాయి" అన్నారు.

ఆ రెండో మాట నన్ను పట్టుకుంది. టెక్సస్ తీరంలో కాపురముండే గోధుమవన్నె పెలికన్ గురించి కూడా ఇక్కడి ముసలివాళ్ళు సరిగ్గా ఇదే చెబుతారు: ఉండేవి, లేకుండా పోయాయి. చిత్రమేమిటంటే ఈ రెండు అంతర్ధానాలూ దాదాపు ఒకే దశాబ్దంలో జరిగాయి. భూగోళానికి చెరో వైపున ఉన్న రెండు దాయాది పక్షులు ఒకే కాలంలో ఎందుకు కనుమరుగయ్యాయి, ఎలా తిరిగి వచ్చాయి అన్న ప్రశ్నతో కొంతకాలంగా చదువుతున్నాను. రెండు కథలూ ఒకటేనని మొదట అనుకున్నాను. కావు.

పేరులో ఏముంది

మన గూడబాతును శాస్త్రజ్ఞులు పెలికానస్ ఫిలిప్పెన్సిస్ అంటారు. 1789లో గ్మెలిన్ పెట్టిన పేరది. ఆ పేరు ఇచ్చిన ఫిలిప్పీన్స్ దీవుల్లో ఇప్పుడీ పక్షి లేదు. ఇరవయ్యో శతాబ్దంలోనే అక్కడ అంతరించింది. మిగిలింది దక్షిణ భారతం, శ్రీలంక, అస్సాం, కంబోడియాల్లోనే. బూడిద కలిసిన తెలుపు ఒళ్ళు, పైముక్కు అంచు వెంట వరసగా నల్లని చుక్కలు, నాలుగు నుంచి ఆరు కిలోల బరువు.

తెలుగు పేరు దీనికన్నా నిజాయితీ గలది. గూడ అంటే పల్లంలోని నీటిని మెరకకు చిమ్మే బుట్ట. ఇద్దరు మనుషులు చెరో వైపు తాళ్ళు పట్టుకుని, ఒంగుతూ లేస్తూ గూడ వేయడం కాలువ కింది సేద్యం ఎరిగినవారికి తెలిసిన దృశ్యమే. ఈ పక్షి ఈదుతూ పోయి కింది ముక్కుకు వేలాడే సంచిని నీటిలో ముంచి, చేపలతో సహా లీటర్ల కొద్దీ నీరు ఎత్తి, నీటిని వంపేసి చేపను మింగుతుంది. పేరు అక్కడి నుంచే వచ్చిందని నా ఊహ. పని చేసేవాడు పని చేసే పక్షికి పెట్టిన పేరు అది.

ఐరోపావారి కల్పన వేరు. తల్లి పెలికన్ తన రొమ్మును ముక్కుతో చీల్చుకుని, ఆ నెత్తురుతో పిల్లలను సాకుతుందని మధ్యయుగపు క్రైస్తవులు నమ్మారు. చర్చి గోడల మీద, తరవాత లూసియానా రాష్ట్ర ముద్రిక మీద కనబడేది ఆ తల్లి పెలికనే. ఐర్లండులో రక్తదాన సంస్థ చిహ్నం కూడా ఇదే పక్షి అని తెలిసినప్పుడు వైద్యుడిగా నాకు ముచ్చటేసింది. నిజానికి జరిగేది ఇంత కరుణరసభరితం కాదు: పిల్లలు తల్లి గొంతులోకి తల దూర్చి, సగం అరిగిన చేపను తినిపోతాయి.

టెక్సస్ తీరపు పక్షి పెలికానస్ ఆక్సిడెంటాలిస్. పెలికన్లలో చిన్నది, మన గూడబాతు కన్నా తేలిక. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు. సరస్సుల్లో తిరిగే తెల్ల పెలికన్ మన గూడబాతుకు దగ్గరి చుట్టమని, ఈ గోధుమవన్నెది దూరపుదని రంగును బట్టి ఎవరైనా అనుకుంటారు. చాలాకాలం పక్షిశాస్త్రజ్ఞులూ ఇంచుమించు అలాగే అనుకున్నారు. 2013లో వెలువడ్డ జన్యు పరిశోధన ఆ చుట్టరికాన్ని తిరగరాసింది. అమెరికా ఖండాల పెలికన్లన్నీ, తెల్లవైనా గోధుమవన్నెవైనా, ఒక కొమ్మ. మన గూడబాతు, దాని ఆసియా, ఆఫ్రికా, ఐరోపా, ఆస్ట్రేలియా బంధువులు మరో కొమ్మ. మా బంధువు చూసిన తెల్లపక్షులు ఆయన గూడబాతుల కన్నా గాల్వెస్టన్ రేవులో కర్రల మీద కూర్చునే గోధుమవన్నె పక్షులకే దగ్గరివి.

చేప పట్టే తీరులో రెంటికీ పొంతన లేదు. గోధుమవన్నె పెలికన్ ఇరవై మీటర్ల దాకా ఎత్తు నుంచి రెక్కలు ముడిచి సముద్రంలోకి రాయిలా పడుతుంది. ఆ దెబ్బ ఒంటికి తగలకుండా చర్మం కింద గాలితిత్తులుంటాయి. అది ఉప్పునీటి పక్షి, తీరం విడిచి లోపలికి రావడం అరుదు. నేల మీదనో పొదల మీదనో గూడు కడుతుంది, అదీ మనిషి, నక్క చేరలేని చిన్న దీవుల్లో. మన గూడబాతు పులికాట్ లాంటి ఉప్పుటేటి సరస్సులోనూ, ఊరి మంచినీటి చెరువులోనూ సమానంగా మేస్తుంది. గూడు మాత్రం చెట్టు మీదే, తరచు ఊరి నడిబొడ్డున. ఒకటి మనిషికి దూరంగా, ఒకటి మనిషి పెరట్లో. వీటి చరిత్రలు విడిపోయిన చోటు ఇదేనని నాకనిపిస్తుంది.

ఒక సర్జన్ చూసిన ఊరు

తెలుగునాట గూడబాతుల గురించి శాస్త్రీయంగా రాసిన తొలివారిలో ఒకడు వైద్యుడు. థామస్ కావర్‌హిల్ జెర్డన్ ఎడింబరోలో చదివి, ఈస్టిండియా కంపెనీ మద్రాసు కొలువులో అసిస్టెంట్ సర్జన్‌గా చేరాడు. మొదట గంజాం సైన్యాలతో తిరిగి, తరవాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అక్కడ యానాదులతో స్నేహం చేసి, వారి నుంచి పక్షుల పేర్లూ నడతలూ తెలుసుకున్నాడు. కడప అడవుల కలివికోడికి ఆంగ్లంలో ఉన్నది ఇతని పేరే. 1848లో బ్లైత్ వర్ణించిన ఆ పక్షి చాలా దశాబ్దాలు కనబడక, 1986లో మళ్ళీ దొరికిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. కంపెనీ వైద్యుల్లో పగలు ఆసుపత్రి, తెల్లవారుజామున తుపాకీ, సంచీ పట్టినవారు చాలామందే ఉన్నారు. కాని యానాది చెప్పిన పేరును గ్రంథంలో ఎక్కించాలని తోచినవారు కొద్దిమంది.

1862-64 మధ్య వెలువడిన తన భారతదేశపు పక్షుల గ్రంథంలో జెర్డన్ ఒక గూడబాతుల ఊరి గురించి చెప్పాడు. కర్ణాటక ప్రాంతంలో తాను స్వయంగా చూసిన ఆ ఊళ్ళో అంత ఎత్తు లేని చెట్ల మీద ఈ పక్షులు తరతరాలుగా గూళ్ళు కడుతున్నాయట. కింద జనం తిరుగుతున్నా లెక్కచేయవట. నాటి ఆంగ్లేయుల వాడుకలో కర్ణాటకమంటే నేటి రాష్ట్రం కాదు, తూర్పు కనుమలకూ కోరమాండల్ తీరానికీ నడుమ నేల, నెల్లూరు అందులోదే. ఊరి పేరు మాత్రం రాయలేదు.

నలభై ఏళ్ళ తరవాత, 1902లో కాంప్‌బెల్ అనే ఆయన కడప జిల్లాలో ఇటువంటి ఊరొకటి ఉందని రాశాడు. అది బూచుపల్లె. గూడబాతులూ రంగుకొంగలూ మార్చి నెలలో అక్కడ కలిసి గూళ్ళు పెట్టుకునేవి. ఆ తరవాత బూచుపల్లె పేరు గూడబాతుల ఊళ్ళ జాబితాల్లోంచి జారిపోయింది. వేటగాళ్ళు కాల్చారనో, ఊరివారు తరిమారనో కథ కూడా మిగలలేదు. ప్రేమగా చూసుకునే ఊరు ఉన్నంత మాత్రాన పక్షి ఉండిపోదు. చుట్టూ ముప్పై నలభై మైళ్ళ మేర చెరువులు నిండుతూ ఉండాలి.

ఈలోగా బర్మాలో ఇంతకన్నా పెద్ద పతనం జరిగిపోయింది. 1877లో సిట్టాంగ్ మైదానంలో యూజీన్ ఓట్స్ చూసిన గూడబాతుల కాలనీ ప్రపంచంలోనే అతి పెద్దది. పక్షులు లక్షల్లో ఉన్నాయని అతని అంచనా. 1940 నాటికి అక్కడ ఏమీ లేదు.

కాబట్టి 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల కాలనీని కనుగొన్నప్పుడు అది చిన్న వార్త కాదు. ఆంగ్లోపాధ్యాయుడైన నీలకంఠన్ తరవాత ఇందుచూడన్ పేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద గ్రంథం రాసి ప్రసిద్ధికెక్కారు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆరేడు గురించి వ్యాసం ప్రచురించారు. కొల్లేరును ఆనుకుని ఉన్న ఆ ప్రాంతంలో మూడు వేలకు దగ్గరగా గూళ్ళున్నట్టు లెక్క. అప్పటికి తెలిసినవాటిలో అదే పెద్దది. మా బంధువు చిన్నప్పుడు చూసింది దీనినే. దాదాపు 1975కల్లా అది ఖాళీ అయిపోయింది.

పలుచబడిన పెంకు

ఇప్పుడు టెక్సస్ సంగతి. 1920 ప్రాంతంలో ఈ తీరంలో గోధుమవన్నె పెలికన్లు అయిదు వేల దాకా ఉండేవి. మొదటి శత్రువులు జాలరులు. తమ చేపలను పక్షులు తినేస్తున్నాయని 1920, 30లలో కర్రలతో, తుపాకులతో దీవుల మీదికి వెళ్ళి పిల్లలను చంపారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే ఈ ఫిర్యాదు వాషింగ్టన్ దాకా వెళ్ళింది. ఆడుబాన్ సంఘం తరఫున గిల్బర్ట్ పియర్సన్ 1918లో గల్ఫ్ తీరమంతా తిరిగి, పెలికన్లు తినేది ముఖ్యంగా మెన్హేడెన్ అనే నూనెచేపననీ, అది మనుషులు తినేది కాదనీ తేల్చాడు. ఆ మాట దీవుల దాకా చేరలేదు.

రెండో దెబ్బ కంటికి కనబడనిది. 1950ల చివర నుంచి పక్షుల సంఖ్య కూలిపోయింది. లూసియానా తన ముద్రిక మీద పక్షిని ఉంచుకునే, 1960ల తొలి ఏళ్ళకల్లా దానిని పూర్తిగా పోగొట్టుకుంది. 1966లో దానిని అధికారిక రాష్ట్ర పక్షిగా ప్రకటించేనాటికి ఆ రాష్ట్రంలో గూడు కట్టే జంట ఒక్కటీ లేదు. టెక్సస్‌లో 1967-74 మధ్య గూడు కట్టిన జంటలు పదికి మించలేదు. కాలిఫోర్నియా తీరంలోని అనకాపా దీవిలో 1970లో 552 జంటలు గూళ్ళు పెడితే దక్కింది ఒకే ఒక్క పిల్ల.

కారణం డీడీటీ. అది ఒంట్లో చేరి డీడీఈ అనే పదార్థంగా మారి కొవ్వులో నిలవ ఉంటుంది. నీటిలో అణుమాత్రం, పాచిలో కొంచెం, చిన్న చేపలో మరికొంత, పెలికన్‌లో చాలా. గుడ్డుకు పెంకు తయారయ్యే గ్రంథిలోకి సున్నం చేరకుండా డీడీఈ అడ్డుపడుతుంది. గుడ్డులో డీడీఈ పది లక్షల భాగాల్లో మూడు భాగాలు దాటితే పెలికన్ సంతానం నిలవదని తరవాతి కొలతలు చూపాయి. ఇంత సున్నితమైన పక్షులు తక్కువ. దానికి తోడు పెలికన్లు కోడిలాగా పొట్ట కింద పెట్టుకుని పొదగవు. వేళ్ళ మధ్య చర్మం గల పాదాలను గుడ్ల మీద మోపి, ఆ వేడితో పొదుగుతాయి. పెంకు పలుచబడితే తల్లి తన గుడ్లను తానే తొక్కి చిదిపేస్తుంది. అనకాపాలో జరిగింది అదే.

నేను వైద్యుణ్ణి కనుక ఇక్కడ ఒక మాట చెప్పకుండా పోలేను. డీడీటీ కనిపెట్టినవాడని చెప్పే పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ వచ్చింది వైద్యశాస్త్రంలోనే. 1953లో మొదలైన మన జాతీయ మలేరియా నియంత్రణ పథకం నడిచింది ఇళ్ళ గోడల మీద కొట్టిన ఈ మందుతోనే. మా తాతల తరం చలిజ్వరాల నుంచి బయటపడిందంటే దాని పుణ్యం చాలా ఉంది. గోడ మీద కొట్టిన మందు వేరు, విమానాల్లోంచి పత్తి పొలాల మీద కుమ్మరించినది వేరు. పెలికన్‌ను చంపింది రెండోది, దానితో పాటు కర్మాగారాలు మురుగుకాలువల్లోకి వదిలినది. ఈ తేడాను డీడీటీని సమర్థించేవారూ తిట్టేవారూ తరచు దాటవేస్తారు.

లూసియానా చేసిన ప్రయత్నం చెప్పుకోదగినది. 1968 నుంచి 1980 దాకా ఫ్లోరిడా నుంచి 1,276 పిల్ల పెలికన్లను తెచ్చి తన దీవుల్లో వదిలింది. అవి పెరిగి గూళ్ళు కట్టడం మొదలయ్యాక, 1975లో నాలుగు వందల పై చిలుకు పక్షుల్లో మూడు వందలకు పైగా చచ్చిపోయాయి. ఈసారి పెంకుల సంగతి కాదు. పెద్ద పక్షులే గిలగిల కొట్టుకుని పడిపోయాయి. శవాల మెదళ్ళలో దొరికిన ప్రధాన విషం ఎండ్రిన్.

ఆ పేరు ఇంగ్లీషు కాగితంలో చదివి ఆగిపోయాను. తెలుగు పల్లెల్లో పుట్టినవారెవరికీ ఎండ్రిన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో రాత్రివేళ క్యాజువాల్టీకి వచ్చే బంధువులు చెప్పే మొదటి మాట "ఎండ్రిన్ తాగాడండీ" అన్నదే. నిజానికి అప్పటికి సీసాలో ఉన్నది వేరే జాతి మందు. మేము అట్రోపిన్ ఎక్కించేది ఆ వేరే జాతికే. అయినా పురుగుమందు ఏదైనా జనం నోట ఎండ్రినే. పత్తి రైతు అప్పుల కథలోనూ, మిసిసిపీ ముఖద్వారపు పెలికన్ కథలోనూ ఒకే పేరు ఉండటం నేను వెతికి కలిపినది కాదు. రెండు చోట్లా ఆ మందును మొదట కొన్నది పత్తి పంటే.

గోధుమవన్నె పెలికన్‌ను 1970లో అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చారు. 1972లో అమెరికా డీడీటీని వ్యవసాయంలో నిషేధించింది. ఆ తరవాతి కోలుకోవడం నెమ్మదిగా, కాని ఆగకుండా సాగింది. 2009 నవంబరులో ఆరున్నర లక్షలకు పైగా పక్షులున్నాయని ప్రకటించి జాబితా నుంచి తీసేశారు. అయిదు నెలలు తిరిగీ తిరగకముందే, 2010 ఏప్రిల్ 20న గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ చమురు వేదిక పేలింది. పదకొండు మంది కార్మికులు చనిపోయారు. ఆ వేసవి ప్రపంచమంతా చూసిన ఫోటోల్లో నూనెలో మునిగి, కళ్ళు మాత్రమే తెరిచి ఉన్న పక్షి ఇదే.

చెరువులయిన చెరువు

కొల్లేటి గూడబాతును చంపింది మాత్రం గుడ్డుపెంకు అని నేను చెప్పలేను. అక్కడ మారింది నేల. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ సరస్సు లోతులేనిది. ఏటికేడు ఉబ్బి తగ్గేది. వేసవిలో తేలిన నేల మీద సాగు, వరదలో చేపలు, గట్ల మీద చెట్లు: ఈ మూడూ కలిస్తేనే గూడబాతు. 1970ల మధ్యలో ప్రభుత్వం జాలరి సహకార సంఘాలకు సరస్సులోనే చేపల చెరువులు తవ్వుకునేందుకు భూములిచ్చింది. పేదలకు మేలు చేద్దామన్న ఉద్దేశం నిజమే. కొన్నేళ్ళకే ఆ చెరువులు చాలావరకు డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. ఒక పెద్ద చెరువు వందలాది చిన్న చెరువులయింది. నీరు పారే దారి మూసుకుపోయింది. టెక్సస్ జాలరి 1920లో చెప్పిన మాటే కొల్లేట్లో మళ్ళీ వినబడింది: పక్షులు మా చేపలు తింటున్నాయి. చెరువుగట్ల మీద టపాసులు పేల్చి తరమడం నేటికీ ఉంది. అయితే అక్కడి జాలరి సముద్రపు చేప గురించి చెప్పింది తప్పు, ఇక్కడి రైతు డబ్బు పెట్టి పెంచిన చేప గురించి చెప్పేది తప్పు కాదు. ఈ తేడాను మన పర్యావరణ వ్యాసాలు ఒప్పుకోవు.

1999లో కొల్లేరులో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో చెరువుల గట్లను పేల్చి పూడ్చారు. చాలా చోట్ల మళ్ళీ వెలిశాయి. కాంటూరును మూడుకు కుదించాలన్న డిమాండు ప్రతి ఎన్నికలోనూ వింటాము.

ఈ మధ్యకాలమంతా గూడబాతును నిలబెట్టినవి ఊళ్ళు. నెల్లూరు సీమలో నేలపట్టు చెరువులో కణప చెట్ల మీద గూళ్ళు కట్టే పక్షుల కోసం 1976లో అభయారణ్యం వచ్చింది. అంటే ఆరేడు ఖాళీ అయిన కాలంలోనే. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో మంచినీటి చెరువు నడుమ సర్కారుతుమ్మ దిబ్బల మీద గూళ్ళు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏకంగా ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు. ఆ పక్షులు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని అక్కడివాళ్ళు అంటారు. రెట్టలు కలిసిన చెరువునీరు పొలానికి ఎరువని నేలపట్టు రైతులకు తెలుసు. పత్రికలు మాత్రం ఏటా అవి సైబీరియా నుంచి వచ్చాయనే రాస్తాయి. గూడబాతుకు సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. అది మన నేల మీదే పుట్టి మన నేల మీదే పోయేది. దూరదేశపు అతిథి అంటే ఉన్న మర్యాద ఇంటిమనిషికి లేకపోవడం వల్లనేమో ఆ అబద్ధం చావదు.

ఊరి ప్రేమకూ హద్దులున్నాయని 2021-22 శీతాకాలంలో తేలినీలాపురం చూసింది. వరసగా పెద్ద గూడబాతులు చెట్ల మీది నుంచి రాలిపడ్డాయి. కడుపులో పేరుకున్న నులిపురుగుల వల్లనని పశువైద్యులు తేల్చారు. ఆ పురుగు చేప ద్వారా పక్షిలో చేరుతుంది. గూడబాతులు ఎక్కడెక్కడి చెరువుల్లో తింటాయో, ఆ చెరువుల్లో ఏం కలుస్తోందో తేలినీలాపురం చేతిలో లేదు. బూచుపల్లె చేతిలోనూ ఉండి ఉండదు.

గూడబాతులు ఈ శతాబ్దంలో కొల్లేటికి తిరిగి వచ్చాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూళ్ళు కడుతున్నాయి. అయితే చెట్లు చాలినన్ని లేవు. అటవీశాఖ నీటిలో ఇనుప మంచెలు నాటింది, పక్షులు వాటి మీద పుల్లలు పేర్చుకున్నాయి. టెక్సస్‌లో గోధుమవన్నె పెలికన్లు ఎక్కువగా గూడు కట్టే చోట్లలో ఒకటి మాటగోర్డా అఖాతంలోని సన్‌డౌన్ దీవి. అదీ సహజమైన దీవి కాదు. ఓడల కాలువ తవ్వినప్పుడు తీసిన మట్టి పోసిన దిబ్బ. అలలు దానిని కోసుకుపోతుంటే, కాలువ పూడిక తీసినప్పుడల్లా మళ్ళీ మట్టి తెచ్చి పోస్తారు.

మొన్న మా బంధువుకు ఫోన్ చేసి ఆటపాక ఇనుప మంచెల సంగతి చెప్పాను. "తెలుసు, చూసొచ్చాను" అన్నారు. "పోనీలే, కూర్చోడానికి ఏదో ఒకటి ఉంది. ఆరేడు వైపు మాత్రం ఇంకా రావడం లేదు."